ఇంజనీరు లేచి నిలబడ్డ చోట

ఫిబ్రవరి 3, సోమవారం

ఎడిటర్ క్యాబిన్‌కి పిలిచాడు. ఒకప్పుడు నా దగ్గరే ట్రైనీగా పని నేర్చుకున్నవాడు. నలుగురిలో అతన్ని మీరు అంటాను, తలుపు వేస్తే నువ్వు. ఈ రోజు తలుపు అతనే వేశాడు. అంటే విషయం బాగాలేదన్నమాట.

ఏప్రిల్ ఒకటి నుంచి నన్ను డెస్కులో వేస్తారట. కుర్చీతో ఎక్కడెక్కడని తిరుగుతారు మేడమ్, హాయిగా ఏసీలో కూర్చుని ట్రైనీ పిల్లల వార్తల కాపీలు దిద్దిపెట్టండి చాలు అన్నాడు. కూర్చోవడం సంగతైతే ఏడాదిన్నరగా కూర్చునే ఉన్నాను, ఆ పని నాకు కొత్తగా నేర్పక్కర్లేదు అన్నాను. నవ్వలేదు.

ఇరవై ఆరేళ్లు రిపోర్టింగ్ చేశాను. వెన్నెముకలో గడ్డ. ఆపరేషన్. ఆ తర్వాత నడుము కింద స్పర్శ లేదు. ఇవి ఫ్యాక్ట్స్. దీనికి విశేషణాలు అక్కర్లేదు.

అతని టేబుల్ మీద లేక్ అథారిటీ ప్రెస్ నోట్ ఉంది. తలకిందులుగానే చదివాను. ఆ విద్య ఇంకా పోలేదు. సరస్సు చుట్టూ కొత్త ట్రైల్, ఐదు కిలోమీటర్లు. వీల్‌చైర్‌లో ఉన్నవారు ఎవరి సాయమూ లేకుండా చుట్టి రావచ్చునట. ఇది నాకివ్వు అన్నాను. ఒక్కదాన్నే వెళ్తాను. చుట్టి వస్తే డెస్క్ మాట మళ్లీ ఎత్తకూడదు. రాలేకపోతే ఏప్రిల్ ఒకటిన నోరు మూసుకుని డెస్కులో కూర్చుంటాను.

పెన్ను మూత తీస్తూ పెడుతూ కాసేపు ఆలోచించాడు. ఫొటోగ్రాఫర్ దూరంగా ఉంటాడు, ఎవరూ తొయ్యకూడదు, ఎవరూ ఎత్తకూడదు, సరేనా మేడమ్ అన్నాడు. రూల్ అతనే పెట్టాడు. మంచిదే. నేను నేర్పిందే.

అదే రోజు, సాయంత్రం

అక్కకి చెప్పాను. ముప్పై ఏళ్లు స్కూల్లో డ్రిల్లు టీచరు. రిటైరయ్యాక ఆమెకి మిగిలిన ఏకైక స్టూడెంటుని నేను. నేను తోస్తా కదే, నాకు మాత్రం ఏం పనుంది అంది. అదే కదా గొడవ అన్నాను.

అక్క తోస్తే అది వీల్‌చైర్ కాదు, ఎక్స్‌ప్రెస్ బస్సు. నేను దిగాల్సిన స్టాపులో ఆగదు. తనకి తెలిసినవాళ్లు కనిపిస్తే మాత్రం ఎక్కడైనా ఆగుతుంది. మొన్న బ్యాంకులో నన్ను గోడవైపు తిప్పి పెట్టి ఎవరితోనో కబుర్లలో పడింది. పావుగంట క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి గుర్తుచేశాను. క్యాలెండర్ బాగానే ఉందిగా అంది.

ఫిబ్రవరి 5, బుధవారం

ప్రాక్టీసు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఎక్కడం, దిగడం. దిగడమే కష్టం. చక్రం చేతుల్లోంచి జారిపోతుంది.

ఎక్కుతుంటే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి వెనక హ్యాండిల్ పట్టుకున్నాడు. వద్దన్నాను. మళ్లీ వచ్చాడు. మళ్లీ వద్దన్నాను. చివరికి మీటర్ల గది పక్కన చేతులు కట్టుకుని నిలబడి, కానివ్వండి మేడమ్, నేనసలు చూడట్లేదు అని అరిచాడు. కళ్లు మాత్రం ఇటే ఉన్నాయి.

ఫిబ్రవరి 6, గురువారం

అరచేతులు బొబ్బలెక్కాయి. సైక్లింగ్ గ్లవ్స్ కొన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఫీసు కారు ఉదయం ఏడింటికల్లా సరస్సు దగ్గర దింపింది. ఫొటోగ్రాఫర్ ఆరడుగుల పైన ఉంటాడు, ఆఫీసులో అందరూ నిచ్చెన అంటారు. అసలు పేరు జీతాల సెక్షన్‌కే తెలుసు. నా వెనక యాభై గజాల దూరంలో నడవమన్నాను. పెళ్లికూతురి వెనక తోడు వెళ్తున్నట్టుంది మేడమ్ అన్నాడు.

ముందు మంచి సంగతులు. ట్రైల్ మొదట్లో ర్యాంపు ఉంది, వాలు తక్కువ. సన్న కంకర వేసి రోలర్‌తో బాగా తొక్కించారు, చక్రం దిగబడదు. నీటి వైపు అంచు వెంట చిన్న కట్ట కట్టారు, చక్రం జారి నీళ్లలో పడకుండా. బెంచీల పక్కన ఒక కుర్చీ పట్టేంత ఖాళీ వదిలారు. ఆ ఖాళీ చూసి కాసేపు ఆగాను. ఎవరో కూర్చుని ఆలోచించి వదిలిన ఖాళీ అది. నీళ్లు చేతికి అందేంత దగ్గర. నల్లటి బాతులు నాలుగు, నన్ను పట్టించుకోలేదు. ఏడాదిన్నరలో నన్ను పట్టించుకోకుండా వదిలేసిన మొదటి ప్రాణులు.

ట్రైల్‌లో సగం ఊరివైపు ఒడ్డు, సగం కొండవైపు ఒడ్డు. ఊరివైపు ఒడ్డు అయిపోయి కొండవైపు తిరిగేచోట ఒక స్టీలు గేటు. తెరిచేది మూసేది కాదు. రెండు కమ్మీల చట్రాలు ఎదురెదురుగా, కొంచెం అటూ ఇటూగా పాతారు. మనిషి లోపలికి వెళ్లి, పక్కకి తిరిగి, మళ్లీ తిరిగి బయటికి రావాలి. జిగ్‌జాగ్ గేటు. బైకులు పోకుండా పెట్టారని పక్కన బోర్డు.

కుర్చీ లోపలికి వెళ్లింది. తిరగలేదు. పాదాలు పెట్టుకునే పలక కమ్మీకి తగిలింది. వెనక్కి వచ్చి, వెనక నుంచి ప్రయత్నించాను. ఈసారి పెద్ద చక్రం తగిలింది. పక్కన సందు ఉందేమో చూశాను. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క రాతి గోడ. బాగా కట్టారు.

వెనక్కి వెళ్లి, ఊరివైపు ఒడ్డంతా మళ్లీ దాటి, ట్రైల్ రెండో కొస నుంచి ప్రయత్నించాను. అక్కడా అదే గేటు. ఒకే అచ్చు.

నిచ్చెన దగ్గరికొచ్చాడు. మేడమ్, నేనొక పక్క, ఆ వచ్చే జాగింగ్ ఆయన ఒక పక్క, రెండు నిమిషాల్లో అటు పెట్టేస్తాం, కెమెరా బ్యాగులోనే ఉంటుంది, మా అమ్మ మీద ఒట్టు అన్నాడు. అతను అన్నది నా మంచికే. డెస్క్ సంగతి ఆఫీసంతటికీ తెలుసు. అటు పెట్టేస్తే మిగతాది నేనే తిప్పుకుంటాను. వార్త వస్తుంది. ఉద్యోగం ఉన్నచోటే ఉంటుంది.

గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. జాగింగ్ ఆయన వచ్చాడు, పక్కకి తిరిగాడు, వెళ్లిపోయాడు. గేటును చూడను కూడా చూడలేదు.

వద్దు, కారు పిలువు అన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

ట్రైల్ కట్టించిన ఇంజనీరుకి ఫోన్ చేశాను. వీల్‌చైర్‌లో చుట్టి రావచ్చని ఏ ఆధారంతో రాశారని అడిగాను. ఇందులో ఆధారమేంటి మేడమ్, నేనే వీల్‌చైర్‌లో కూర్చుని మొత్తం తిరిగాను అన్నారు. మొత్తమా అన్నాను. మొత్తం అన్నారు. మా స్టాఫ్ అంతా వెంట ఉన్నారు, ఎవరినైనా అడగండి.

ఇద్దరిని అడిగాను. ఇద్దరూ అదే చెప్పారు. వాళ్ల ఆఫీసు పేజీలో ఫొటో కూడా ఉంది. ఇంజనీరు వీల్‌చైర్‌లో కూర్చుని ఉన్నారు, వెనక కొండ. కొండవైపు ఒడ్డే, సందేహం లేదు.

ఎడిటర్ ఎలా జరిగింది మేడమ్ అని అడిగాడు. వెరిఫై చేస్తున్నాను అన్నాను. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

అబద్ధం ఆడేవాళ్లు అడక్కుండానే వివరాలు చెబుతారు. ఆయన చెప్పలేదు. ఎందుకో ఆయన అబద్ధం ఆడలేదనిపిస్తోంది. ఆ కుర్చీ ఆ గేటులో పట్టదు, అదీ నిజమే.

ఫిబ్రవరి 13, గురువారం

ఇంజనీరుని రమ్మంటే వెంటనే వచ్చారు. ఆయన వీల్‌చైర్ కూడా జీపులో తెచ్చారు. ట్రైల్ టెస్ట్ చేయడానికే కొన్నదట, దాని చేతుల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. నలభై ఏళ్ల మనిషి. పని గురించి అడిగితే ముఖం వెలుగుతుంది. బెంచీల పక్కన ఖాళీ వదిలింది ఆయనేనట. చాలా బాగుందని చెప్పాను. నిజంగానే చెప్పాను.

ఆ రోజు ఎలా తిరిగారో అలాగే తిరిగి చూపించండి అన్నాను. కూర్చున్నారు. బాగానే తిప్పుతున్నారు. నేను వెనక, నా వెనక నిచ్చెన. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. కంకర ఎంత మందం, వాన నీళ్లు నిలవకుండా దారికి అడ్డవాలు ఎలా ఇచ్చారు, ఆ వాలు ఎక్కువైతే కుర్చీ నీటి వైపు ఎలా లాగుతుంది. తెలిసి మాట్లాడుతున్నారు.

గేటు వచ్చింది. మాట ఆగలేదు. వాలు గురించి చెబుతూనే లేచి నిలబడ్డారు. కుర్చీ మడిచారు. పక్కకి తిరిగి, కుర్చీని తల మీదుగా ఎత్తి పట్టుకుని గేటు దాటారు. అటుపక్క కుర్చీ విప్పారు, కూర్చున్నారు, చక్రం తిప్పారు. వాలు గురించి ఇంకా చెబుతున్నారు. కొంత దూరం వెళ్లాక వెనక నుంచి ఊ కొట్టేవాళ్లు లేరని గమనించి ఆగారు.

రండి మేడమ్ అన్నారు.

నిచ్చెన కెమెరా దించేశాడు. ఇంజనీరు నన్ను చూశారు. గేటును చూశారు. తర్వాత తన కాళ్లను చూసుకున్నారు.

నేను లేచానా, అని నిచ్చెనని అడిగారు. లేచారు సార్ అన్నాడు. ఆ రోజు కూడా లేచానంటావా? నేను లేనుగానీ సార్, లేచే ఉంటారు. మా వాళ్లు ఒక్కరు కూడా చెప్పలేదే అన్నారు. లేచి నిలబడటం చూసి ఎవరు ఏం చెబుతారు సార్, అందరం రోజంతా లేస్తూనే ఉంటాం కదా అన్నాడు నిచ్చెన.

ఇటు రావాలంటే ఇంజనీరు మళ్లీ లేవాలి. కొండవైపు ఒడ్డున, కుర్చీలోనే, అలాగే ఉండిపోయారు. మేమిద్దరం ఇటుపక్క ఎదురుచూశాం. తొందరపెట్టలేదు.

ఇటు వచ్చాక, ఇది రాస్తారా మేడమ్ అని అడిగారు. రాస్తాను అన్నాను. మా అమ్మాయి పేపర్ చదువుతుంది అన్నారు. ఎంత జరిగిందో అంతే రాస్తాను, ఒక్క మాట ఎక్కువ ఉండదు అన్నాను. తలూపారు.

అదే రోజు, సాయంత్రం

అక్కకి మొత్తం చెప్పాను. ముందు కడుపుబ్బా నవ్వింది. తర్వాత లెక్క అర్థమై ఆపేసింది. అంటే నువ్వు చుట్టి రాలేకపోయానని నీ చేత్తోనే పేపర్లో రాసుకుంటావు, అది చూపించి వాళ్లు నిన్ను డెస్కులో కూర్చోబెడతారు, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావన్నమాట అంది. తవ్వింది నేను కాదు, నేను లోతు కొలుస్తున్నాను అంతే అన్నాను.

ఆ నిచ్చెన ఎత్తుతానన్నప్పుడు కిమ్మనకుండా ఎక్కి ఉంటే పోయేదిగా అంది. ఇంజనీరు చేసింది తెలియక. నేను చేస్తే తెలిసి చేసినట్టు. ఆ మాట అక్కతో అనలేదు. అంటే హరిశ్చంద్రుడి చెల్లెలివి అంటుంది.

ఫిబ్రవరి 15, శనివారం

కాపీ ఇచ్చాను. ఎడిటర్ నా ముందే చదివాడు. ఒకచోట ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. ఎక్కడో నాకు తెలుసు. పరీక్షించిన అధికారి గేటు దగ్గర లేచి నిలబడి, కుర్చీని ఎత్తుకుని దాటారు. అంతే వాక్యం.

మీరు మాత్రం దాటలేకపోయారు అన్నాడు. దాటలేకపోయాను అన్నాను. అయితే మన ఒప్పందం, అన్నాడు. ఒప్పందం ఒప్పందమే, కానీ ఏప్రిల్ ఒకటి ఇంకా రాలేదు, గేటు తీసేస్తే మళ్లీ వెళ్తాను అన్నాను. మేడమ్, గవర్నమెంటు పెట్టిన గేటు ఆరు వారాల్లో తీయడం మీ ఇరవై ఆరేళ్లలో ఎప్పుడైనా చూశారా అన్నాడు. చూడలేదు. ఒప్పుకున్నాను.

హెడ్డింగ్ దగ్గర గొడవ. కుర్చీలో ఉక్కు సంకల్పం అని పెట్టాడు. గేటుది ఉక్కు, నాది కాదు అన్నాను. కొట్టేసి, లేక్ ట్రైల్ వీల్‌చైర్లకు సగమే అని పెట్టించాను.

ఫిబ్రవరి 17, సోమవారం

వచ్చింది. లోపలి పేజీ, పైభాగం.

ఫోన్లు చాలా వచ్చాయి. జాలిపడేవాళ్లకి థాంక్స్ చెప్పి పెట్టేశాను. పెట్టలేనిది ఒక్కటే. వాకర్స్ క్లబ్ ప్రెసిడెంటు, రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. చూడమ్మా, ఆ గేట్లు పెట్టించింది మేమే, రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి పెట్టించాం, బైకు గుద్దితే నా మోకాలు మూడు ముక్కలైంది, నువ్వు ఒక్క ముక్కతో పీకించేస్తావా అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట అన్నారు. నీకు దారి ఇస్తే నా దారి పోతుంది, ఇద్దరిలో ఎవరిది ముఖ్యమో నువ్వే రాయి.

ఆయన మోకాలు కూడా ఫ్యాక్టే. నా వార్తలో అది లేదు. ఉండాల్సింది.

ఫిబ్రవరి 20, గురువారం

ఇంజనీరు ఫోన్. గొంతులో ఉత్సాహం. గేటు పక్క గోడలో చిన్న తలుపు పెడతారట, తాళం వేసి. వీల్‌చైర్ వాళ్లు ఆఫీసుకి వచ్చి, కార్డు చూపించి, సంతకం పెట్టి తాళంచెవి తీసుకోవచ్చు. మళ్లీ తెచ్చి ఇచ్చేయాలి. ఆఫీసు ఎప్పుడు తెరుస్తారు అన్నాను. పది నుంచి ఐదు, ఆదివారం సెలవు. పొద్దున్నే నడిచేవాళ్లు సంతకం పెట్టి నడుస్తారా అన్నాను. లేదు మేడమ్ అన్నారు, గొంతు కాస్త తగ్గింది.

వద్దన్నానని అక్కకి కోపం. తాళంచెవి ఇస్తామంటే తలుపే వద్దంటావు, నీ మొండితనానికి కాళ్లుంటే ఈపాటికి దేశం దాటిపోయేది అంది. అని, నాలుక కరుచుకుంది. బాగుంది, రాసుకుంటాను అన్నాను. రాశాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఆఫీసుకి చెప్పకుండా గేటు దగ్గరికి వెళ్లాను. తెల్లవారిన దగ్గర్నుంచి ఎండ ముదిరేదాకా అక్కడే ఉన్నాను. నిఘా పెట్టడానికి వీల్‌చైర్ అంత మంచిది లేదు. ఊరికే కూర్చున్నావేంటని ఎవరూ అడగరు. మీవాళ్లు ఎటు వెళ్లారమ్మా అని మాత్రం అడుగుతారు. ఒకామె జాలిపడి తన నీళ్ల సీసా ఇవ్వబోయింది.

చూసింది ఇది. కొండవైపు ఒడ్డున బైకులు తిరుగుతున్నాయి. నీళ్ల మీదుగా చప్పుడు స్పష్టంగా వస్తోంది. కుర్రాళ్లు జంటలుగా రేసులు పెట్టుకుంటున్నారు. కానీ ఒక్క బైకు కూడా నేనున్న గేటు దాకా రాలేదు. రెండో గేటు దగ్గర నిచ్చెనని కూర్చోబెట్టాను, సెలవు రోజని తిట్టుకుంటూనే వచ్చాడు. అక్కడా రాలేదు.

రెండు గేట్లూ ఉన్నాయి. బైకులూ ఉన్నాయి.

ఫిబ్రవరి 23, ఆదివారం

ప్రెసిడెంటుని గేటు దగ్గర కలిశాను. చేతికర్ర, తెల్ల బూట్లు. కూర్చోమంటే, కూర్చుంటే లేవడం కష్టం, నిలబడే తిట్టుకుందాం అన్నారు. నచ్చారు.

బైకులు ఇంకా వస్తున్నాయి కదా సార్ అన్నాను. వస్తున్నాయి కాబట్టే మూడో గేటు పెట్టమని మళ్లీ అర్జీ పెట్టాం అన్నారు. రెండు గేట్లు బైకుల్ని ఆపితే, ఆ బైకులు అటు ఎలా వచ్చాయి సార్ అన్నాను. ఎటునుంచో వస్తున్నాయి అన్నారు. ఎటునుంచో మీరు చూశారా? పొద్దున్నే నడవడానికి వస్తామమ్మా, దొంగల్ని పట్టడానికా అన్నారు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. నలభై ఏళ్లు బ్యాంకులో చేశాను, ముందు తలుపుకి మూడో తాళం వేయమని అడుగుతున్నాను, దొడ్డితలుపు సంగతే చూసుకోలేదు అన్నారు.

నేను అటు వెళ్లలేను. ఆయన వెళ్లగలరు. ఇంజనీరుకి ఫోన్ చేసి, మీరిద్దరూ కలిసి కొండవైపు కంచె వెంట నడవండి అన్నాను. ఆదివారమని ఇంజనీరు అనలేదు.

ఫిబ్రవరి 23, సాయంత్రం

దొరికింది. పంపుహౌస్ వెనక. పైపు వేసేటప్పుడు కంచె విప్పారు, పని అయ్యాక మళ్లీ కట్టలేదు. కారు పట్టేంత సందు. నేల మీద బైకు టైర్ల చారలు. ప్రెసిడెంటు ఫోన్‌లో ఫొటోలు పంపారు. ప్రతి ఫొటోలో ఆయన బొటనవేలు కూడా ఉంది.

గేట్లు ఆపుతున్నది ఒక్కరినే.

మార్చి 1, శనివారం

రెండో వార్త వచ్చింది. బైకులు వచ్చే దారి తెరిచి ఉంది, మూసిన దారి వేరు. ప్రెసిడెంటు మోకాలు ఈసారి రెండో పేరాలోనే పెట్టాను. క్లబ్బు తరఫున ఆయనే సంతకం పెట్టి ఇచ్చిన మాట కూడా వేశాను. సందు మూస్తే గేట్లు తీసేయడానికి వాళ్లకి అభ్యంతరం లేదు.

మార్చి 6, గురువారం

గేట్లు తీయడానికి అథారిటీ ఒప్పుకుంది. నెల రోజులు ప్రయోగాత్మకంగా, అన్నారు. ఎడిటర్ ఆ ముక్క చదివి, మేడమ్, నేను చూడనిది చూపించారు అన్నాడు. ఇంకా చూపించలేదు అన్నాను.

మార్చి 12, బుధవారం

పంపుహౌస్ దగ్గర సందుకి లారీడు బండరాళ్లు దింపారు. రెండు గేట్లూ కోశారు. ఇటువైపుది కోస్తుంటే నేనూ చూశాను. కట్టరు నిప్పురవ్వలు నీళ్లలో పడి చుయ్‌మన్నాయి. చట్రాలు పెకలించి లారీ ఎక్కించారు. గుంతలు పూడ్చి, కంకర వేసి, తొక్కించారు. రెండు వారాలు గట్టిపడాలి, అప్పటిదాకా ఇటు ఎవరూ రాకూడదని తాడు కట్టారు.

ఇంజనీరు తన కుర్చీలో కూర్చుని వచ్చారు. నడుముకీ మోకాళ్లకీ బెల్టు బిగించుకున్నారు. ఇదేంటి సార్ అన్నాను. నా మీద నాకు నమ్మకం పోయింది మేడమ్, అలవాటు ఎప్పుడు లేపుతుందో తెలియదు అన్నారు. ప్రతి ట్రైల్‌కీ ఇక ఇలాగే కట్టుకుని తిరుగుతారట. వాళ్ల అమ్మాయి వార్త చదివి ఏమందని అడిగాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు ఈ బెల్టు కొనిచ్చింది అన్నారు.

మార్చి 17, సోమవారం

జ్వరం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఇలాంటి శరీరానికి ఇది మామూలే అని డాక్టర్ అన్నారు. మామూలే కావచ్చు, టైమింగ్ మామూలుగా లేదు.

మార్చి 20, గురువారం

ఇంకా మంచం మీదే. అక్క గంటకోసారి నీళ్లు తాగిస్తోంది. ఈల వేయడం ఒక్కటే తక్కువ.

మార్చి 24, సోమవారం

ఆఫీసుకి వెళ్లాను. డెస్కులో నా సీటు సిద్ధం చేశారు. కిటికీ పక్కన. టేబుల్ కింద డ్రాయర్లు తీయించి, నా కుర్చీ దూరేంత ఖాళీ పెట్టించారు. దీపం కూడా నా ఎత్తుకి దించారు. ఎవరో శ్రద్ధగా కొలిచి చేశారు.

చాలా బాగుంది. అందుకే భయమేసింది.

మార్చి 27, గురువారం

తాడు తీసేశారని ఇంజనీరు మెసేజ్. ఎడిటర్‌కి చెప్పాను, శనివారం వెళ్తానని. నిచ్చెన వేరే ఊళ్లో ఉన్నాడు మేడమ్, వచ్చే వారం చూద్దాం అన్నాడు. వచ్చే వారం అంటే ఏప్రిల్. అతనికీ తెలుసు. కెమెరా లేకపోతే మీరు చుట్టి వచ్చారని సాక్ష్యం ఏంటి అన్నాడు. నా మాట అన్నాను. ఇరవై ఆరేళ్లుగా దాన్నే కదా అచ్చేస్తున్నారు.

తలుపు వేసి ఉంది. అయినా ఈసారి అతన్ని మీరు అన్నాను. ఎందుకో అలా వచ్చింది. కాసేపు టేబుల్ వైపు చూసి, సరే వెళ్లిరండి అన్నాడు. ఫోన్ ఆన్‌లో ఉంచండి, అక్కగారికి చెప్పి వెళ్లండి అని వెనక నుంచి అంటూనే ఉన్నాడు.

మార్చి 28, శుక్రవారం

అక్కకి చెప్పలేదు. ఆఫీసు పని అని మాత్రం చెప్పాను. అది నిజమే.

మార్చి 29, శనివారం, సాయంత్రం

చుట్టి వచ్చాను. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ఎత్తలేదు. ఎడిటర్‌కి ఆ రెండు ముక్కలే పంపాను. సోమవారం కౌన్సిల్ మీటింగ్ మీరే కవర్ చేయాలి మేడమ్ అని జవాబు వచ్చింది.

అతనికి పంపనిది ఇది. కొండవైపు ఒడ్డున, బండరాళ్లు పెట్టిన చోటు దాటాక, దారి రెండుగా చీలింది. బోర్డు లేదు. ఎడమకి తిరిగాను. తప్పు. రెల్లు నా తల పైకి పెరిగింది, నీళ్లు కనబడటం మానేశాయి, ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మధ్యాహ్నమంతా నేనెక్కడున్నానో అక్కకి తెలియదు. ఆఫీసుకి తెలియదు. నాకూ తెలియదు, ఏడాదిన్నరలో మొదటిసారి. నా చక్రాల గుర్తులు పట్టుకుని తీరిగ్గా వెనక్కి వచ్చాను.

అక్కడ బోర్డు పెట్టమని ఇంజనీరుకి చెప్పాలి.

రేపు ఆదివారం. ఎల్లుండి చెబుతాను.